పిల్లల క్యాన్సర్‌కు మేనరికమే కారణమా?

చిన్నపిల్లకు క్యాన్సర్ అని తేలగానే కారణం కోసం వెతికే చూపు తెలుగు కుటుంబాల్లో తరచు మేనరికం మీదికో, తల్లి పుట్టింటి మీదికో మళ్లుతుంది. జన్యుశాస్త్రం చెప్పేది మాత్రం వేరు. అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రి పరిశోధకులు 20 ఏళ్లలోపు రోగులు 1,120 మందిని పరీక్షించి 2015లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, క్యాన్సర్ ముప్పును పెంచే జన్యుమార్పు పుట్టుకతోనే ఉన్నవారు 8.5 శాతమే, వారిలోనూ కుటుంబ వివరాలు దొరికినవారిని చూస్తే, ఇంట్లో అంతకుముందు క్యాన్సర్ ఉన్నది దాదాపు 40 శాతం మందికే.

ఈ విషయాన్ని అన్నిటికంటే స్పష్టంగా చూపేది కంటి లోపలి పొర అయిన రెటీనాలో పసితనంలోనే పుట్టే కణితి, రెటినోబ్లాస్టోమా. కణ విభజనను అదుపులో ఉంచే ఆర్‌బీ1 జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ప్రతి కణంలో రెండు ప్రతులుగా ఉంటుందని, రెండూ చెడితేనే కణితి మొదలవుతుందని 48 మంది రోగుల వివరాల ఆధారంగా ఆల్ఫ్రెడ్ నూడ్సన్ 1971లో ప్రతిపాదించగా, ఆ జన్యువు 1986లో పరిశోధకుల చేతికి చిక్కింది. ఒక ప్రతి చెడిపోయి పుట్టిన బిడ్డకు రెటీనాలోని ఏదో ఒక కణంలో రెండోది చెడితే చాలు కనుక జబ్బు త్వరగా, తరచు రెండు కళ్లలోనూ వస్తుంది. ఆ లోపం గల తల్లి లేదా తండ్రి నుంచి అది ప్రతి కాన్పులోనూ బిడ్డకు చేరే అవకాశం సగానికి సగం. ఒక్కరి నుంచి వచ్చినా చాలు కాబట్టి దంపతులు బంధువులా కాదా అన్నది ఇక్కడ అప్రస్తుతం. పైగా ఇలాంటి పిల్లల్లో ఎక్కువమందికి ఆ మార్పు అండంలోనో వీర్యకణంలోనో కొత్తగా పుట్టినదే తప్ప పెద్దల నుంచి దిగివచ్చినది కాదు.

మేనరికం పూర్తిగా నిర్దోషి అనడానికీ వీల్లేదు. ల్యుకేమియాకు దారితీయగల ఫాంకోనీ రక్తహీనత వంటి అరుదైన జబ్బుల్లో, సాధారణంగా ఆరోగ్యంగా కనిపించే తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడిన ప్రతి అందాలి. మేనమామ, మేనకోడళ్ల జన్యువుల్లో సగటున నాలుగో వంతు ఉమ్మడివి కనుక అక్కడ ఆ ముప్పు నిజంగానే పెరుగుతుంది.

నిజామాబాద్ జిల్లాకు దీనితో ఉన్న అవసరం సిద్ధాంతపరమైనది కాదు. రెటినోబ్లాస్టోమా వచ్చిన ఇంట పుట్టిన తోబుట్టువుకు తొలి వారాల నుంచే కళ్లను పదేపదే, ఒక్కోసారి మత్తు ఇచ్చి, పరీక్షించాలి; జిల్లాలోని బోధన్ నుంచి హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ దాకా ప్రతిసారీ వెళ్లిరావడమంటే కూలి కుటుంబానికి కొన్నాళ్ల సంపాదన పోయినట్టే. ఇంట్లో గుర్తించిన మార్పు ఆ బిడ్డలో లేదని రక్తపరీక్ష తేల్చితే ఈ ప్రయాణాలన్నీ తప్పుతాయి, రక్త నమూనాను జిల్లాలోనే తీసి పంపవచ్చు. కాబట్టి చికిత్స ఖర్చు భరించే ప్రభుత్వం తోబుట్టువుల పరీక్షనూ అందులో భాగంగానే లెక్కించడం న్యాయం, పొదుపు కూడా. అయితే జబ్బుపడిన బిడ్డలో ఏ మార్పు ఉందో ముందు తేలకపోతే తమ్ముడి రక్తంలో దేనికోసం వెతకాలో తెలియదు కనుక, చికిత్స మొదలైనప్పుడే మొదటి నమూనా ఆ బిడ్డ నుంచే తీయాలి.