గృహాలంకరణము: స్నానపుగది మరమ్మతు

పేరాలలోని పాతయిండ్ల స్నానపుగదులను బాగుచేయింపదలచిన సోదరీమణులు, రంగురంగుల పలకలను బేరమాడుటకు ముందు పెరటిలోనికి పోయి నూతిని చూడవలెనని మా మనవి. ఇచ్చటిది సముద్రతీరపు టిసుకనేల. నీరు వడిగా నింకును. దానితోబాటు మలినమును నింకును. మరుగుదొడ్డి నీరింకెడు గుంటకును త్రాగునీటి బావికిని 18 మీటర్ల యెడముండవలెనని భారతీయ ప్రమాణములు చెప్పుచున్నవి. నేతవారి యిరుకు దొడ్లలో నంత చోటెక్కడిది? అట్టిచోట ఆ నూతినీటిని త్రాగుట మానుటయే మేలు. మురుగుకాలువకు కలుపుటకు వీలున్నదేమో పురపాలకులను నిలదీసి యడుగుడు. 1921లో పన్నులను ధిక్కరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఇండ్లు విడిచి రామనగరపు పాకలకు తరలినవారి యూరు గదా యిది!

ఇక నేల. వాలు తూమువైపునకే యుండవలెను. పలకలు పరపించుటకు ముందు నీరు కట్టి రెండు దినములుంచి, గోడ చెమ్మగిలునేమో పరీక్షింపుడు. మేస్త్రి తొందరపడినను మీరు పడకుడు. అద్దమువంటి పలకలు కంటికింపే గాని, ముసలి యత్తగారి తుంటికి ముప్పు. గరుకు పలకలే వేయించి, పట్టుకొనుటకు గోడకొక కమ్మీ బిగింపించుడు. ఉప్పుగాలికి ఇనుము నిలువదు గనుక, అది తుప్పుపట్టని యుక్కుదై యుండవలెను.

తలుపు బయటికి తెరచుకొనునట్లు పెట్టింపుడు. లోపల నెవరైన పడినచో, లోనికి తెరచుకొను తలుపునకు వారి దేహమే యడ్డమగును.