మార్చిన బండి, మారని పేరు

మా ముప్కాల్‌లో ఒక మారుతి జిప్సీ అమ్మకానికి వచ్చింది. బండి మా మేనబావది. 1999 నాటి జిప్సీ కింగ్, ఏపీ 25తో మొదలయ్యే మన నిజామాబాదు నంబరు. దానితో పాటు పుట్టిన పెట్రోలు ఇంజను ఇప్పుడు దానిలో లేదు. ఎవరో మునుపటి యజమాని డీజిలు ఇంజను ఎక్కించాడు. కమాను పట్టీలు మార్చి బండిని రెండంగుళాలు పైకి లేపారు. పెద్ద టైర్లు, ముందు ఇనుప కడ్డీలు సరేసరి. బావ వాదన ఇది: "ఇంజన్ మారిందని మనంతట మనమే చెప్తె ఎవడు కొంటడు? అడిగితె చెప్త, అడగకుంటె ఊకుంట." అడగకపోయినా చెప్పవలసిందేనని నా అభిప్రాయం.

బండి గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. జిప్సీ 1985 చివరలో 970 సీసీ ఇంజనుతో వచ్చింది. 1996లో 1.3 లీటర్ల ఇంజనుతో కింగ్ అయింది. 2019లో సామాన్యులకు అమ్మడం ఆపేశారు. అదే వంశానికి చెందిన జిమ్నీ 2023లో ఐదు తలుపులతో వచ్చినా, నాలుగు మూలలా కమాను పట్టీలున్న ఆ మొరటు బండి మీద మోజు తీరనివారు ఇంకా ఉన్నారు. ఇక తయారుకాని వస్తువు కనుక ధర కూడా పలుకుతోంది. మైదానపు ఊళ్లో నాలుగు చక్రాలూ తిరిగే బండి ఎందుకని మీరడగవచ్చు. వానాకాలంలో వరద కాలువ గట్టు మీద, బోధన్ వైపు చెరకు తోటల రేగడి బాటల మీద అది పనికివస్తుందని బావ అంటాడు. ఆ పనికి ట్రాక్టరు చాలదా అని నేను అడగను. కొన్ని ప్రశ్నలు బంధుత్వాలకు మంచివి కావు.

ఇలాంటి బండిని అమ్మేవాడు మార్పులకు పెట్టిన ఖర్చునంతా ధరలో కలుపుకుంటాడు. అది జరిగే పని కాదు. నా కంటికి అందమైన టైరు కొనేవాడి కంటికి రేపు మార్చవలసిన టైరు కావచ్చు. పైకి లేపిన బండి మలుపులో మునుపటంత నిలకడగా ఉండదు, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి కీళ్లు త్వరగా అరుగుతాయి. పెద్ద టైర్లతో ఇంకొక తిరకాసు ఉంది. చక్రం చుట్టుకొలత పది శాతం పెరిగితే, మీటరు లక్ష కిలోమీటర్లు చూపేసరికి బండి నిజానికి లక్షా పదివేలు తిరిగి ఉంటుంది. ఎవరూ మీటరును తాకలేదు, ఎవరూ అబద్ధమాడలేదు, అయినా అంకె తప్పు. ఈ సంగతి అమ్మేవాడు చెబితేనే కొనేవాడికి తెలుస్తుంది. మార్చినప్పుడు విప్పిన అసలు పట్టీలు, చక్రాలు కొట్టంలో పడి ఉంటే అవి కూడా బండితో పాటు ఇచ్చేయడం మర్యాద. పైగా వాటి వలన ధర పెరుగుతుంది కూడా.

ఇంజను సంగతి అంతకన్నా బరువైనది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం నిర్మాత మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. ఆ మాటనే సుప్రీం కోర్టు 2019 జనవరిలో గట్టిగా చెప్పింది. ముందరి ఇనుప కడ్డీలను తీయించమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. పొలానికి పోయే రైతు బండికి అదనంగా ఒక కొక్కెం బిగించుకోవడాన్నీ, పట్నపు కుర్రవాడు అలంకారానికి చేసే హంగులనూ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. కాని ఇంజను కొక్కెం కాదు. మార్చాలంటే అధికారి అనుమతి ఉండాలి, రిజిస్ట్రేషను పత్రంలో కొత్త నంబరు ఎక్కాలి. ఎక్కకపోతే ప్రమాదం జరిగిన నాడు బీమా వారి సర్వేయరు మొదట చూసేది ఆ నంబరునే. ఆ నష్టం భరించేది ఏమీ తెలియక కొన్నవాడు.

మా వైపు పశువుల అంగడిలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని ధర మాట్లాడుకునేవారు. ధర రహస్యం, సరుకు బహిరంగం. పళ్లు లెక్కపెట్టుకోవచ్చు, సుడులు చూసుకోవచ్చు, ఎద్దును నడిపించి చూసుకోవచ్చు. ఇప్పుడు ధర బహిరంగం, సరుకు రహస్యం అయింది. ఎద్దు పళ్లు చూడడం వచ్చిన రైతుకు గేరు పెట్టెలో చప్పుడు ఎందుకు వస్తుందో తెలియకపోవడం అతని తప్పు కాదు. తెలిసినవాడు నోరు విప్పకపోవడం మాత్రం తప్పే.

ఇంతవరకూ కొనేవాడి పక్షాన మాట్లాడాను. అమ్మేవాడికి కూడా ఒక గండం ఉంది. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పెట్టి, పేరు, తేదీ ఖాళీగా వదిలి, డబ్బు లెక్కపెట్టుకొని ఇంటికి వచ్చేవారు చాలామంది. ఆ కాగితాలతో బండి ముగ్గురు చేతులు మారినా, ప్రభుత్వం లెక్కలో యజమాని మొదటివాడే. నవీన్ కుమార్, విజయ్ కుమార్‌ల కేసులో జరిగింది ఇదే. ప్రమాదం 2009లో జరిగింది. అప్పటికి బండి పలు చేతులు మారి ఉంది. అయినా పరిహారపు బాధ్యత రిజిస్ట్రేషనులో పేరున్న మొదటివాడిదేనని 2018 ఫిబ్రవరి 6న సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. బండిని తాను ఎప్పుడో అమ్మేశానన్న మాట ఆయనను కాపాడలేదు. అదే రాష్ట్రంలో అమ్మినవాడు పద్నాలుగు రోజులలో రవాణా కార్యాలయానికి తెలియజేయాలని చట్టంలో ఉంది. హైదరాబాదు నుండి వచ్చి, నగదు చూపి, "పేరు తరవాత మార్చుకుంటాం లెండి" అనే పెద్దమనిషికి బండి అప్పగించేముందు ఆ పద్నాలుగు రోజులూ గుర్తుంచుకోవాలి.

పేరు మార్పుకు వెళితే ఇంజను నంబరు బయటపడుతుందని కొందరి భయం. బయటపడాలి మరి. అనుమతి దొరికితే మంచిదే. దొరకకపోతే అసలు రకం పెట్రోలు ఇంజను వెతికి ఎక్కించి అమ్మాలి, లేదా విడిభాగాలుగా అమ్ముకోవాలి. రెండింటిలోనూ డబ్బు తగ్గుతుంది, కాదనను. కొనేవాడు కూడా ఒక లెక్క వేసుకోవాలి. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషను అయిదేళ్లకొకమారు నవీకరించాలి. ఇరవయ్యేళ్లు దాటిన కార్లు, జీపుల వంటి వాటికి ఆ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో 5,000 నుండి 10,000 రూపాయలకు పెంచింది. 1999 బండికి తరువాతి వంతు 2029లో వస్తుంది.