బగ్ ఫిక్స్ చెయ్యమంటే మాడ్యూలే పీకేశారు

ముందే చెప్పేస్తున్నా, నాకు 'ది సింప్సన్స్' అంటే ఇష్టం. అమెరికా వచ్చిన కొత్తలో నలుగురు బ్యాచిలర్లం, ఒక రైస్ కుక్కర్, ఎవరో పారేస్తే తెచ్చుకున్న ఒక టీవీ. ఆ పసుపుపచ్చ బొమ్మల్ని చూస్తూనే సగం అమెరికాని అర్థం చేసుకున్నాం. కాబట్టి ఇది ఆ షో అంటే గిట్టనివాడి ఏడుపు కాదు.

మొన్న మా టీమ్ లంచ్‌లో మళ్ళీ అపూ ప్రస్తావన వచ్చింది. "ఇంకా ఆ గొడవేంటి గురూ, కార్టూన్ కదా, లైట్ తీస్కో" అన్నాడొక తెలుగు మిత్రుడు. ఇంకొకాయన "ఆ గొంతు ఆపించాం కదా, గెలిచాం కదా, ఇంకేం కావాలి?" అన్నాడు. ఇద్దరి మాటా నాకు మింగుడు పడలేదు. ఎందుకో చెప్తాను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అపూ 1990లో ఆ షోలో మొదటిసారి కనబడ్డాడు. క్విక్-ఈ-మార్ట్ అనే కొట్టు నడుపుతాడు. వచ్చినవాళ్ళందరికీ "థాంక్యూ, కమ్ అగైన్" అని సాగదీసి చెప్తాడు. ఆ గొంతు హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడిది. పేరేమో సత్యజిత్ రాయ్ సినిమాల్లో అపూది. ఇంటిపేరు నహసపీమపెటిలాన్! అది ఏ భాషో, ఏ ఊరో మీకు తెలిస్తే నాకూ చెప్పండి. మన ఇంటిపేర్లని ముక్కలు చేసి పిలిచే దేశంలో, ఆ ముక్కల్నే పోగేసి ఒక పేరు కుట్టారన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. అపూ ఎవరనుకున్నారు? కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ చేసినవాడు. చదువుకి చేసిన అప్పు తీర్చడానికి కొట్లో చేరాడు, చివరికి అక్కడే స్థిరపడిపోయాడు. అంటే మనవాడే! 1996లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ఊరంతా వలసవాళ్ళ మీద పడుతుంది. అపూ వీసా గడువు ఎప్పుడో అయిపోయిందని బయటపడుతుంది. పౌరసత్వ పరీక్షలో అమెరికా అంతర్యుద్ధానికి కారణాలేమిటని అడిగితే, అడిగినవాడికంటే బాగా వివరించడం మొదలుపెడతాడు. అవతలివాడు విసుగెత్తి, బానిసత్వం అని ఒక్క మాట చెప్పి ఊరుకోమంటాడు. గ్రీన్ కార్డ్ లైన్లో ఏళ్ళకేళ్ళు నిలబడ్డవాడికి ఆ సీన్ చూస్తే నవ్వూ వస్తుంది, కళ్ళూ చెమరుస్తాయి. మన గురించి అంత మంచి ఎపిసోడ్ అప్పట్లో అమెరికా టీవీలో నాకైతే ఇంకోటి కనబడలేదు.

మరి సమస్యేంటి? శాంపిల్ సైజ్ ఒకటి కావడం. టీవీలో పదిమంది భారతీయులుంటే అందులో ఒకడు కాలం చెల్లిన హాట్‌డాగ్‌లు అమ్మినా పర్లేదు. ఉన్నదే ఒక్కడైతే, వాడే మన అందరి బయోడేటా.

నా మొదటి క్లయింట్ ఆఫీసులో (పేరు అనవసరం) డిజైన్ రివ్యూ జరిగింది. రెండు రాత్రులు నిద్ర మానుకుని చేసిన ప్రెజెంటేషన్. అయిపోగానే వెనక వరసలోంచి ఒకతను అచ్చం అపూ గొంతుతో "థాంక్యూ, కమ్ అగైన్" అన్నాడు. గదంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత వారం రోజులు బాత్రూమ్ అద్దం ముందు నిలబడి 'వి'కీ 'డబ్ల్యూ'కీ తేడా ప్రాక్టీస్ చేశాను. నా డిజైన్లో తప్పేంటో ఎవ్వరూ చెప్పలేదు, నా నాలుకలో తప్పు మాత్రం ఊరందరికీ తెలిసిపోయింది.

అందుకే "ఇండియన్స్ కూడా నవ్వారుగా" అనే వాదన వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నవ్వకపోతే ఏం చేస్తాం సార్? వీసా వాళ్ళ చేతిలో, ప్రాజెక్టు వాళ్ళ చేతిలో. ఆ నవ్వుని ఒప్పుకోలు కింద లెక్కేసుకోకండి.

2017లో హరి కొండబోలు అనే కమెడియన్ 'ది ప్రాబ్లమ్ విత్ అపూ' అని డాక్యుమెంటరీ తీశాడు. ఇంటిపేరు చూస్తేనే తెలుస్తోందిగా ఏ ప్రాంతపు కుటుంబమో. అతనూ ఈ షో అభిమానే. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు చిన్నప్పుడు ఈ గొంతుతో ఎంత ఏడిపించబడ్డారో అందులో చెప్పించాడు. షో వాళ్ళేం చేశారు? 2018 ఏప్రిల్లో ఒక ఎపిసోడ్‌లో లీసా చేత, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయిపోతే ఏం చేస్తాం అన్నట్టు అనిపించి చేతులు దులుపుకున్నారు. షో మొత్తంలో నీతీ న్యాయం మాట్లాడే పిల్ల ఆ లీసా! ఆ మాట ఆమె నోట పెట్టడం నాకు డాక్యుమెంటరీలో చూపించిన దేనికన్నా ఎక్కువ కష్టం అనిపించింది.

వాళ్ళకంటే అజారియా నయం. 2020లో ఇక ఆ గొంతు చెప్పనన్నాడు, 2021లో బహిరంగంగా క్షమాపణ కూడా చెప్పాడు. 2020లోనే, తెల్లవాళ్ళు కానివారి పాత్రలకి ఇక తెల్ల నటులు గొంతివ్వరని షో వాళ్ళు ప్రకటించారు. బాగుంది. కార్ల్ అనే నల్లజాతి పాత్రకి కొత్త గొంతు వచ్చింది. డాక్టర్ హిబ్బర్ట్‌కీ వచ్చింది. వాళ్ళు హాయిగా మాట్లాడుకుంటున్నారు.

అపూకి? ఏమీ లేదు. అప్పుడప్పుడు గుంపులో వెనకాల బొమ్మలా నిలబడతాడు. మాట లేదు. ముప్పై ఏళ్ళ కథ, పెళ్ళాం మంజుల, ఒకే కాన్పులో పుట్టిన ఎనిమిది మంది పిల్లలు.. అంతా కామెంట్ అవుట్ చేసేశారు. మేం బగ్ రిపోర్ట్ చేస్తే మీరు మాడ్యూలే పీకేసి, టికెట్ క్లోజ్ చేసి, "ఫిక్స్‌డ్" అని రాసుకున్నారు. దీన్నే గెలుపంటే నేనొప్పుకోను. వెక్కిరింపు ఆపమన్నాం గానీ మనిషిని మూగవాణ్ణి చెయ్యమనలేదు.

సరే, ఇక్కడిదాకా చప్పట్లు కొట్టినవాళ్ళు కాస్త ఆగండి. మన సంగతేంటి?

తెలుగు సినిమాలో వడ్డీ సేఠ్ ఎలా మాట్లాడతాడు? గూర్ఖా? ముస్లిం పాత్రల తెలుగు ఎన్నేళ్ళు అలా విరిచి పెట్టాం? అంతెందుకు, తెలంగాణ యాసని దశాబ్దాలపాటు రౌడీలకీ కమెడియన్లకీ రాసిచ్చేశాం, హీరోకి మాత్రం కృష్ణా జిల్లా భాష. అదీ అపూ గొంతే, కాకపోతే మైకు మన చేతిలో ఉంది.

నేనేం పతివ్రతని కాను. ఇంజనీరింగ్ హాస్టల్లో మహబూబ్‌నగర్ నుంచి వచ్చినవాడు ఒకడుండేవాడు. వాడి యాసని మిమిక్రీ చెయ్యడంలో మన పేరు మోగిపోయేది. వాడూ మాతోపాటే నవ్వేవాడు. సెకండియర్ కొచ్చేసరికి క్లాసులో నోరు విప్పడం మానేశాడు. మాట్లాడ్డం ఇష్టం లేనివాడేమోలే అనుకున్నాం. ఆ రివ్యూ మీటింగు అయిన రాత్రి నాకు గుర్తొచ్చింది అపూ కాదు, వాడే. చాలా ఏళ్ళకి ఫోన్ చేసి సారీ చెప్పాను. "అప్పుడు నవ్వక ఏం జెయ్యాల్రా, మీరు ఇరవై మంది, నేనొక్కణ్ణి" అన్నాడు. శాంపిల్ సైజ్ గురించి నాకు ఎవరూ అంతకంటే బాగా చెప్పలేదు.

మందు కూడా మన దగ్గరే ఉంది. 2017లోనే, అంటే ఆ డాక్యుమెంటరీ వచ్చిన ఏడాదే, శేఖర్ కమ్ముల 'ఫిదా' వచ్చింది. బాన్సువాడ భానుమతి తెలంగాణ యాసలోనే ప్రేమించింది, తండ్రి కోసం ఏడ్చింది, పోట్లాడింది. సాయి పల్లవిది తెలంగాణ కాదు, అసలు తెలుగు కూడా కాదు. అయినా నేర్చుకుని తనే డబ్బింగ్ చెప్పుకుంది. జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆ తర్వాత 2023లో 'బలగం' వచ్చి ఆ యాసతో ఊళ్ళకి ఊళ్ళనే ఏడిపించింది. కాబట్టి గొంతు ఎవరిదన్నదొక్కటే లెక్క కాదు. ఆ గొంతుని నవ్వడానికి రాశారా, బతకడానికి రాశారా అన్నది లెక్క.

అపూకి నేనడిగేది అదే. కొత్త గొంతు ఇవ్వండి. ఆ ఇంటి భాష తెలిసిన రైటర్లని పెట్టుకోండి. యాస ఉండనివ్వండి, నాకూ ఉంది, ఇప్పుడు దాన్ని సరిదిద్దుకోవడం మానేశాను కూడా. ఆ కంప్యూటర్ సైన్స్ డాక్టరుకి చెప్పడానికి ఇంకా చాలా ఉంది. కొట్లోకి వచ్చినవాడు వెళ్ళిపోయేటప్పుడు అనే మాట ఒక్కటే కాదు.

లైట్ తీస్కోమన్న మిత్రమా, నువ్వు తీస్కో. నేను తీస్కోను.