లెక్క రాశాకే మందు కొడదాం
పత్తిచేనులో పురుగు కనబడగానే మనం మందుల దుకాణానికే పరుగెడుతున్నాం. అప్పు మీద డబ్బా ఇచ్చేవాడే ఏ మందు కొట్టాలో కూడా చెబుతున్నాడు. ఇది మారాలి.

లింగాకర్షక బుట్టలు కట్టి, రోజూ పొద్దున్నే లెక్క రాసుకుందాం. బుట్టకు 8 చొప్పున గులాబీరంగు పురుగు రెక్కల పురుగులు వరుసగా 3 రోజులు పడితేనే మందు అవసరమని శాస్త్రవేత్తల సూచన. పేనుబంకను తినే అక్షింతల పురుగులు, చిన్న పురుగులను వేటాడే తూనీగలు కూలి అడగని కాపలాదారులు. వాటినీ రాద్దాం.

అయితే భారమంతా రైతు మీదే వేస్తే ఒప్పుకోం. బుట్టలు, ఎరలు ప్రభుత్వం అదునుకు ముందే ఉచితంగా ఇవ్వాలి. అధికారులు గట్టు మీదికి రావాలి. పంట నష్టం అంచనాలో మన నోటుపుస్తకం లెక్కనూ చూడాలి.