రుచికి పేరు పెట్టే విద్య

మాఘ శుద్ధ సప్తమి నాడు అరసవల్లి సూర్యనారాయణస్వామి సన్నిధికి భక్తకోటి తరలివస్తుంది. ఆనాడు పిడకల నిప్పుమీద పాలు పొంగించి, బియ్యమూ బెల్లమూ చేర్చి పరమాన్నం వండి, చిక్కుడాకులలో నివేదించడం తెలుగువారి ఆచారం. గ్యాసుపొయ్యి పాయసానికి లేని గుణమొకటి ఆ పరమాన్నానికి వున్నది. అది పాలలో కలిసిన పొగ. అయితే ఆ ప్రసాదం తిన్న బాలుని రుచి యెట్లున్నదని అడిగితే ‘బాగున్నది’ అంటాడు. అంతకు మించి చెప్పలేడు. లోపం నాలుకది కాదు, మాటలది.

ఇటువంటి పొగనూ తీపినీ వేరొక దేశంవారు యెంత శ్రద్ధగా పరీక్షిస్తారో చూడదగ్గది. స్కాట్లండులో మొలకెత్తిన బార్లీని పీట్ పొగతో ఆరబెట్టి విస్కీ తీసే పద్ధతి వున్నది. పీట్ అంటే చిత్తడి నేలలలో వేల యేండ్లుగా సగం కుళ్లి పేరుకొన్న మొక్కల మన్ను. మన పిడకకు దూరపు చుట్టమే. విస్కీ కనీసం 3 యేండ్లు ఓక్ పీపాలలో నిలువ వుండాలని అక్కడి చట్టం. అరుదైన కొన్నింటిని స్పెయిన్ దేశపు షెర్రీ ద్రాక్షాసవంతో నానిన పీపాలలో 30 యేండ్లు కూడా వుంచుతారు. యేటా నూటికి సుమారు 2 వంతులు ఆవిరైపోతుంది. దానికి ‘దేవదూతల వాటా’ అని పేరు. ఆ లెక్కన 30 యేండ్లకు మిగిలేది సగానికి కొంచెం పైమాట. ఆలోగా పొగ ఘాటు మెత్తబడి ఎండుద్రాక్ష తీపిలో కలిసిపోతుంది.

పరీక్షకుడు దానిని గబుక్కున తాగడు. ముందు వాసన చూస్తాడు; నీటిబొట్లు చేర్చి మళ్లీ చూస్తాడు; నాలుకపై నిలుపుతాడు; మ్రింగిన పిమ్మట మిగిలినదేమిటో గమనిస్తాడు. తరువాత వ్రాస్తాడు: చల్లారిన బూడిద, తారు పూసిన త్రాడు, సముద్రపు నాచు, ఎండిన అత్తిపండు. కళింగపట్నం తీరాన పెరిగిన పిల్లవానికి వీటిలో తెలియని వాసన యేది?

ఆ పానీయాన్ని మెచ్చుకొమ్మనడం ఇక్కడి ఉద్దేశం కాదు. మద్యం సంసారాలను యెట్లు కూలుస్తుందో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లోకానికి చాటారు. గ్రహించవలసినది ఆ శ్రద్ధను మాత్రమే.

తెలుగు ఈ విషయంలో పేద భాష కాదు. నూనె మాడితే కమురు, అన్నం అడుగంటితే మాడు, ఇత్తడికి చిలుము, చేపకు నీచు, వేగని పిండికి పచ్చి; ఇన్ని వాసనలకు ఇన్ని పేర్లు. వగరుకూ కనరుకూ భేదమెరిగిన అవ్వలు ఇంకా వున్నారు. భరతుడు నాట్యశాస్త్రంలో రసాన్ని వివరించబూని, వ్యంజనాలతో కూడిన అన్నం తినేవాని ఆస్వాదాన్నే ఉపమానంగా గ్రహించాడు. పాయసంలో పొగను గుర్తించలేనివాడు పద్యంలో ధ్వనిని యెట్లు గుర్తిస్తాడు? పిడక పోతే పొగ పోతుంది. పొగతోపాటు దానిని చెప్పే మాటా పోతుంది.

ఉపాధ్యాయులు చేయగల పని ఒకటి వున్నది. రథసప్తమి మరునాడు పిల్లలచేత ఆ ప్రసాదపు రుచిని పది వాక్యాలలో వ్రాయించాలి. నియమం ఒక్కటే: ‘బాగున్నది’ అనే మాట వాడరాదు. మాట తోచనివాడు ఇంటికి పోయి అవ్వను అడిగి రావచ్చు.