చెంచా గాలము మంచిదే, సీసము వలదు

చెరువులు నిండిన యేట మన మొగుడంపల్లి ప్రాంతపు సభ్యులలో కొందరు, పొలము పనులు తెమలిన సాయంకాలములందు గాలము చేతబట్టి గట్టుమీదికి పోవుదురు. వెనుక ఎర్రలను గుచ్చి వేచియుండెడివారు. ఇప్పుడు యువకులు మెరయు లోహపు ఎరలను ఇంటనే చేసికొనుచున్నారు. ఈ పని మాకు సమ్మతమే. అందు ఒక్క భాగము మాత్రము బొత్తిగా సమ్మతము కాదు.

ఈ ఎర పుట్టినది భోజనపు చెంచానుండియే. అమెరికాలో జూలియో బ్యుయెల్ అనునతడు 1852లో దీనికి పేటెంటు పొందెను. పాత చెంచా కాడను ఱంపముతో కోసివేసి, గుంటభాగమునకు రెండు కొనల బెజ్జములు వేసి, అంచులను ఆకురాయితో నున్నచేసి, ఒక కొనకు దారమును, రెండవ కొనకు చిన్న వలయముతో గాలమును తగిలించిన చాలును. లాగునపుడు ఆ గుంట నీటిని త్రోసి అటునిటు ఊగును. దెబ్బతిన్న చిరుచేప యని భ్రమసి కొర్రమీను, వాలుగ పైబడును. బొచ్చె, రోహు దీనిని వెంబడింపవు. వానికై శ్రమపడుట వృథా. ఉక్కు చెంచా గట్టిది గనుక ముందు మేకుతో గుర్తు కొట్టి, చుక్క నూనె వేసి, మెల్లగా బెజ్జము వేయవలెను. ఇత్తడిరేకైనచో ఎఱ్ఱగా కాల్చి చల్లార్చిన మెత్తబడును. కొయ్యగుంటలో పెట్టి సుత్తితో కొట్టవచ్చును. మెఱుగునకు మన చింతపండును మించినది లేదు.

ఇక సీసము మాట. ఎర దూరము పోవలెనని పాత ట్రాక్టరు బ్యాటరీని పగులగొట్టి, అందలి సీసమును వంటపొయ్యిమీదనే గరిటెలో కరగించుట మేము చూచితిమి. పిల్లలు చుట్టును మూగి విసరుచుండిరి! సీసము 327 డిగ్రీల వేడికే కరగును గనుక అది సులభమని తోచును. కాని దాని పొగయు ధూళియు ఊపిరితో, చేతి అన్నముతో లోపలికి పోవును. పిల్లల మెదడును చెఱచును. చెడిన బుద్ధిని తిరిగి తెచ్చు మందు లేదు. కరగిన సీసములో నీటిబొట్టు పడెనా, చిమ్మి కన్నులు పోవును. బ్యాటరీలోని ఆమ్లము వేఱొక కీడు. బ్రిటనులో హంసలు మింగి చచ్చుచున్నవని 1987లోనే చిన్న సీసపు గుండ్ల అమ్మకమును నిషేధించిరి. హంసలకు చూపిన దయ మన బిడ్డలకు చూపరాదా?

బరువు కావలెనన్న దళసరి చెంచా తీసికొనుడు, లేదా ఎరకు ముందు దారమున ఇనుప నట్టు నొకదానిని కట్టుడు. పాత బ్యాటరీని అమ్మినవానికే తిరిగి యిచ్చివేయుడు. 2022 నాటి నిబంధనలు వానిని తిరిగి సేకరించు బాధ్యతను తయారీదారులపై నుంచినవి.

ఇంకొక మాట. చెరువు మత్స్య సహకార సంఘమువారి అధీనమున నున్నచో వారి అనుమతి ముందు, గాలము తరువాత. వానకాలమున ఎఱ్ఱని పిల్లల గుంపును కాచుచున్న కొర్రమీనుపై ఎర విసరకుడు. తల్లిదండ్రులు పోయినచో ఆ పిల్లలన్నియు ఇతర చేపలకు ఆహారమగును.

మన సంఘమువారు చేతి బెజ్జపుయంత్రము నొకదానిని, రెండు ఆకురాళ్లను కొని కార్యాలయమున నుంచిన, సభ్యులు వంతులవారీగా వాడుకొందురు. రాబోవు సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలెనని కోరుచున్నాము.