కట్టు కడితే కండ పెరుగుతుందా?



2021లో టోక్యో నగరంలో ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు ఒక వింత వార్త పత్రికలలో వచ్చింది. అమెరికా ఈతగాడు మైకేల్ ఆండ్రూ ఒంటికి పట్టీలు బిగించుకుని సాధన చేస్తాడట! రక్తప్రవాహాన్ని కొంత అడ్డగించి, ఆ స్థితిలో వ్యాయామం చేస్తే కండరాలు త్వరగా పెరుగుతాయన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. అప్పటినుంచి సెల్ ఫోన్లలో దీని గురించి వీడియోలు చాలా కనిపిస్తున్నాయి. మీలో కబడ్డీ, పరుగుపందెం, వెయిట్ లిఫ్టింగ్ ఆడేవారు వాటిని చూసే ఉంటారు. "మాస్టారూ, మేమూ కట్టుకోవచ్చా?" అని అడిగేవారూ ఉన్నారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ పద్ధతి బూటకం కాదు. దీని వెనుక నిజమైన శరీరధర్మశాస్త్రం ఉంది. అయినప్పటికీ బడిలో చదివే ఆరోగ్యవంతులైన మీకు ఇది అక్కరలేదు. ఇంట్లో సొంతంగా చేయడమైతే ప్రమాదం కూడాను. ఇలా ఎందుకంటున్నానో ఒక్కొక్కటే చూద్దాం.

మొదట ఆ కట్టు చేసే పనేమిటో తెలుసుకుందాం. ఆస్పత్రిలో రక్తపరీక్షకు వెళ్ళినప్పుడు నర్సు ఏం చేస్తుంది? మోచేతికి పైన ఒక రబ్బరు గొట్టం బిగిస్తుంది. వెంటనే మోచేతి మడత దగ్గర నరం ఉబుకుతుంది. మనం వాడుకలో 'నరం' అంటున్నాము గాని, నిజానికి అది సిర. అది ఎందుకు ఉబుకుతుంది? ధమనులు కండ లోపల లోతుగా ఉంటాయి. గుండె తోసిన రక్తం వాటిలో ఎక్కువ పీడనంతో ప్రవహిస్తుంది. సిరల గోడలు పలుచన. వాటిలో పీడనం తక్కువ. అందుచేత ఓ మోస్తరుగా బిగించిన కట్టు సిరలను మూసివేస్తుందే గాని ధమనులను పూర్తిగా మూయలేదు. రక్తం చేతిలోకి వస్తూనే ఉంటుంది, తిరిగి వెళ్ళే దారి మాత్రం మూసుకుపోతుంది.

ఈ విషయాన్ని దాదాపు 400 ఏళ్ళ క్రితమే ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే గమనించాడు. చేతికి చాలా గట్టిగా కట్టు కడితే మణికట్టు దగ్గర నాడి ఆగిపోయింది, చెయ్యి మెల్లగా చల్లబడింది. అదే కట్టును కాస్త వదులు చేస్తే చెయ్యి ఎర్రబారి, సిరలు ముడులు ముడులుగా ఉబికాయి. రక్తం ధమనుల ద్వారా వెళ్ళి సిరల ద్వారా గుండెకు తిరిగి వస్తుందనడానికి ఆయన చూపిన రుజువులలో ఇదొకటి. 1628లో ఆయన ప్రచురించిన గ్రంథంలో ఈ ప్రయోగం ఉంది. గమనించండి: ఈనాటి క్రీడాకారుడు బిగించే పట్టీ, హార్వే కాస్త వదులు చేసిన ఆ రెండో కట్టే!

వ్యాయామానికి దీనిని ముడిపెట్టినవాడు జపాను దేశస్థుడు యోషియాకి సాటో. 1966లో ఒక బౌద్ధ కర్మకాండకు వెళ్ళి, అక్కడి ఆచారం ప్రకారం మోకాళ్ళు మడిచి చాలాసేపు కూర్చున్నాడు. పిక్కలు తిమ్మిరెక్కాయి. గట్టిగా వ్యాయామం చేశాక పిక్కలలో కలిగే బిగువు లాంటిదే ఇది అని అతనికి తోచింది. రక్తప్రవాహం తగ్గడమే దీనికి కారణమా? ఈ ప్రశ్నతో ఆయన తన శరీరం మీదనే ప్రయోగాలు మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఆస్పత్రి పాలయ్యాడు! 1973లో మంచు మీద జారే ఆటలో చీలమండ విరిగినప్పుడు, కాలు కదపలేని స్థితిలో ఈ పద్ధతినే వాడి కండ కరగకుండా కాపాడుకున్నానని ఆయన చెప్పాడు. ఈ పద్ధతికి ఆయన పెట్టిన పేరు 'కాట్సు'. జపాను భాషలో దీనికి అదనపు పీడనం అని అర్థం.

ఇంతకీ కట్టు కడితే కండ ఎందుకు పెరుగుతుంది? మన కండరాలలో ముఖ్యంగా రెండు రకాల తంతువులున్నాయి. కొన్ని నెమ్మదిగా పనిచేస్తాయి, త్వరగా అలసిపోవు. వీటికి ఆక్సిజన్ బాగా కావాలి. మరికొన్ని వేగంగా, బలంగా పనిచేసి త్వరగా అలసిపోతాయి. లావెక్కే గుణం వీటికి ఎక్కువ. తేలికపాటి బరువు ఎత్తేటప్పుడు మొదటి రకమే పనిలోకి దిగుతుంది. నాట్లు వేసేచోట మొదట నలుగురే దిగుతారు. పొద్దుగూకేలోగా పని తెమలదనిపిస్తే గట్టు మీద ఉన్నవారినీ పిలుస్తారు. కండరంలోనూ ఇలాగే జరుగుతుంది. కట్టు వల్ల ఆక్సిజన్ తగ్గుతుంది. లాక్టేటు మొదలైన పదార్థాలు బయటికి పోలేక పేరుకుపోతాయి. మొదటి రకం తంతువులు అలసిపోతాయి. అప్పుడు తేలిక బరువుకైనా రెండో రకం తంతువులు పనిలోకి దిగక తప్పదు. కండ పెరుగుదలకు ఇది ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

ఇక లెక్క చూడండి. ఒక వ్యక్తి ఒక్కసారికి గరిష్ఠంగా 50 కిలోలు ఎత్తగలడనుకుందాం. మామూలు పద్ధతిలో బలం పెరగాలంటే అందులో సుమారు 70 శాతం, అంటే 35 కిలోలు, లేదా అంతకుమించి ఎత్తాలని చెబుతారు. కట్టు పద్ధతిలో 20 నుంచి 30 శాతం, అంటే 10 నుంచి 15 కిలోలు చాలు. సాధారణంగా మొదట 30 సార్లు, తర్వాత మూడు విడతలుగా 15 సార్ల చొప్పున, మొత్తం 75 సార్లు ఎత్తిస్తారు. విడతకూ విడతకూ మధ్య అర నిమిషం విరామం.

ఇది ఎవరికి మేలు? మోకాలి లోపలి బంధకం తెగి శస్త్రచికిత్స జరిగినవారిని తీసుకోండి. కొద్ది వారాలలోనే తొడ సన్నబడిపోతుంది. బరువు ఎత్తితే గాని కండ రాదు, బరువు ఎత్తితే మోకాలు ఓర్చుకోలేదు. ఇటువంటివారికి, కీళ్ళు అరిగిన వృద్ధులకు, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో ఈ పద్ధతి నిజంగా ఉపకారి. దీనిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

అయితే వీడియోలు చెప్పని సంగతి ఒకటుంది. ఎవరైనా 'ఇది మంచి ఫలితం ఇచ్చింది' అంటే, 'దేనితో పోల్చితే?' అని సైన్సు విద్యార్థి అడగాలి. కట్టు లేకుండా తేలిక బరువు ఎత్తేవారితో పోల్చితే, కట్టుతో ఎత్తేవారికి ఫలితం ఎక్కువ. నిజమే. కాని సరైన బరువులు ఎత్తేవారితో పోల్చి చూడండి. కండ లావు ఇంచుమించు సమానంగానే పెరుగుతుంది. బలం విషయంలో మాత్రం బరువులు ఎత్తేవారిదే సాధారణంగా పైచేయి. ఎందుకని? బలమంటే కండ లావు ఒక్కటే కాదు. ఎక్కువ తంతువులను ఒకేసారి పనిలోకి దింపడం నాడీమండలం నేర్చుకోవాలి. ఆ నేర్పు బరువు ఎత్తితేనే వస్తుంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ లో మన శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి స్నాచ్ లో 110, క్లీన్ అండ్ జెర్క్ లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఏళ్ళ తరబడి బరువులతో కుస్తీ పట్టనిదే అది సాధ్యమయ్యే పని కాదు.

"మరి ఒలింపిక్ ఆటగాళ్ళు కట్టుకుంటున్నారు కదా!" అని మీరు అనవచ్చు. వాళ్ళు రోజూ గంటల కొద్దీ సాధన చేస్తారు. వారి వెంట శిక్షకుడు, వైద్యుడు ఉంటారు. పతకం వస్తే ఆ ఘనతలో పట్టీ వాటా ఎంతో ఎవరు తేల్చగలరు? ఆటగాడి ఒంటి మీద ఉన్న వస్తువునల్లా విజయానికి కారణమనుకోవడం శాస్త్రీయ దృష్టి కాదు.

ఇక ప్రమాదం సంగతి. ధమనిలో ప్రవాహం పూర్తిగా ఆగడానికి ఎంత పీడనం కావాలో ముందు కొలుస్తారు. దానికి డాప్లర్ అనే పరికరం వాడతారు. అందులో 40 నుంచి 80 శాతం మేరకే పట్టీని బిగిస్తారు. ఈ పీడనం అందరికీ ఒకటి కాదు. తొడ లావును బట్టి, పట్టీ వెడల్పును బట్టి, ఆ మనిషి రక్తపోటును బట్టి మారుతుంది. పట్టీ ఎంత సన్నదైతే రక్తాన్ని ఆపడానికి అంత ఎక్కువ పీడనం కావాలి. ఆ ఒత్తిడంతా ఇరుకైన చోట పడి కింది నాడులను నొక్కుతుంది. రక్తపోటు చూసే పట్టా వెడల్పుగా ఎందుకుంటుందో ఇప్పుడు ఆలోచించండి.

మా పాఠశాలలో పదో తరగతి కుర్రవాడొకడు జిల్లా కబడ్డీ ఎంపికలకు వారం ముందు తొడలకు సైకిలు ట్యూబు ముక్కలు బిగించి బస్కీలు తీశాడు. పాదం తిమ్మిరెక్కి, లేచి నిలబడలేకపోయాడు. డ్రిల్లు మాస్టారు చూసి కత్తెరతో ట్యూబు కోశారు. రెండు రోజులు కుంటుతూ బడికి వచ్చాడు. అతని అదృష్టం బాగుంది. లోపల రక్తం గడ్డకట్టవచ్చు, నాడి దెబ్బతినవచ్చు. అరుదుగానైనా కండర తంతువులు చితికి, అందులోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. అప్పుడు మూత్రం డికాక్షను రంగుకు మారుతుంది. పాము కరిస్తే పైన తాడు బిగించి కట్టవద్దని నేటి వైద్యులు చెబుతున్నారు. రక్తప్రసరణ ఆగిన అవయవానికే ముప్పు రావడం అందుకు ఒక కారణం. కట్టు ఆటవస్తువు కాదని దీనివల్ల తెలుస్తోంది కదా! పైగా ఈ పద్ధతి మీద జరిగిన పరిశోధనలలో ఎక్కువ భాగం పెద్దవారి మీద జరిగినవే. ఎదిగే వయసులో ఉన్న మీకు ఆ లెక్కలు అలాగే వర్తిస్తాయని అనుకోరాదు.

మరి మీకు కావలసిందేమిటి? దండీలు, బస్కీలు, పరుగు. ఇవాళ 20 తీస్తే వచ్చే వారం 22 తీయండి. భారం కొంచెం కొంచెంగా పెంచడమే కండ పెంచే అసలు సూత్రం. గుడ్డు, పప్పు, శనగలు, వేరుశనగలు తింటే కండకు కావలసిన మాంసకృత్తులు దొరుకుతాయి. రాత్రి కంటినిండా నిద్ర పోతే చాలు. వీటికి పట్టీ కొనే ఖర్చూ లేదు, వాటితో వచ్చే పేరూ లేదు. అందుకే వీటి మీద ఎవరూ వీడియోలు తీసి ఊదరగొట్టరు.

హార్వే ప్రయోగం చేయాలని ఉందా? కట్టు లేకుండానే చేయవచ్చు. చేతిని కిందికి వేలాడదీయండి. ముంజేతి మీద సిరలు ఉబుకుతాయి. ఒక సిర మీద వేలు నొక్కిపెట్టి, మరో వేలితో అక్కడినుంచి మోచేతి వైపు రక్తాన్ని తోయండి. ఆ భాగం ఖాళీ అవుతుంది. పై వేలు తీసినా రక్తం వెనక్కి రాకపోతే మధ్యలో కవాటం ఉందన్నమాట. ఇప్పుడు కింది వేలు తీయండి. సిర చటుక్కున నిండుతుంది. చేసి చూసి, అలా ఎందుకు జరిగిందో మీ తరగతిలో చర్చించండి. మీ మిత్రులలో ఎవరైనా తొడకు ట్యూబు బిగిస్తుంటే మాత్రం ముందు దానిని విప్పించండి. చర్చ ఆ తర్వాత పెట్టుకోవచ్చు.